పైరెత్రం అట్ట మీది చీటీలు

శాంతమ్మ టీచరు గారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా చిన్నాన్న యోహాను. చీరాలలో పాసింజరు రైలెక్కి, కృష్ణా కెనాల్ స్టేషన్లో దిగి, అక్కడి నుంచి తాడేపల్లిలో మా ఇంటి దాకా కాళ్ళీడ్చుకుంటూ నడిచి వచ్చాడు. చంకలో వెడల్పాటి అట్టపెట్టె, నవారుతో అడ్డంగా నిలువుగా కట్టినది. నేను ట్యూషను పిల్లలచేత ఎక్కాలు చెప్పించుకుంటున్నాను. ఆయన గడపలో నిలబడి నోరు తెరవకముందే పెట్టెలోంచి నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది. ఆ వాసనతోనే నాకు సగం అర్థమైంది. టీచరు గారి బీరువా తెరిస్తే తప్ప ఆ వాసన బయటికి రాదు. ఆవిడ ఉండగా ఆ బీరువా ఇంకొకరు తెరవరు.

"బుధవారం పొద్దున పోయిందమ్మా మీ టీచరమ్మ. నిద్రలోనే," అన్నాడు చిన్నాన్న. "మట్టి కూడా అయిపోయింది. నువ్వు ఆయాసంతో మంచం మీదున్నావని మీ అమ్మ చెప్పింది. అందుకే కబురు పెట్టలా. తిట్టేదుంటే తిట్టు."

తిట్టలేదు. పిల్లల్ని ఇళ్ళకు పంపేసి, ఆయనకు మంచినీళ్ళిచ్చి, పెట్టె కట్టు విప్పాను. పైనే ఉంది నేను ఎదురుచూసిన అట్ట. గట్టి తెల్లకాగితం మీద దారంతో కుట్టి నిలిపిన ఎండుమొక్క. సన్నగా చీలిన ఆకులు, పొడుగాటి కాడ, దాని చివర చామంతిని పోలిన పువ్వు. ఒకప్పుడు తెల్లగా ఉన్న రేకులు తేనెరంగుకు తిరిగాయి. నడిమి పసుపు ఇంకా పసుపే. కింద కుడిమూలన ఒకదాని మీదొకటిగా మూడు చీటీలు. అన్నిటికన్నా కిందది టీచరు గారు కాలేజీలో చదువుకునే రోజుల్లో రాసింది. దాని పైది నా చిన్నప్పటి గుండ్రటి దస్తూరి. మూడోది నేనెన్నడూ చూడనిది. అందులో ఏముందో చెప్పేముందు ఆవిడెవరో చెప్పాలి. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు.

మాది గుంటూరు జిల్లా దాటి ప్రకాశం మొదలయ్యే చోట, నల్లరేగడి మధ్యన ఉన్న ఊరు. వానాకాలమంతా పత్తి, ఆ తరవాత మిరప. మా బడి గోడకు ఆనుకునే మిరప కల్లాలుండేవి. మాఘమాసం వచ్చేసరికి కోసిన కాయను అక్కడ ఎర్రగా పరిచి ఎండబెట్టేవాళ్ళు. గాలి తిరిగితే బడి మొత్తం దగ్గేది. మిగతా పిల్లలు దగ్గి నవ్వుకుని మళ్ళీ ఎక్కాల్లో పడేవాళ్ళు. నాకు మాత్రం ఊపిరి లోపలికి పోయేది కాదు, పోయింది బయటికొచ్చేది కాదు. నాలుగో తరగతిలో రెండుసార్లు నన్ను మంచం మీద వేసుకుని మోసుకుపోయాక, మా అమ్మ బడి మాన్పించింది. తను కూలికి పోయేటప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసి పోయేది.

అదే ఏడాది శాంతమ్మ గారు ఊరికి తిరిగొచ్చారు. గుంటూరులో ఒక కాలేజీలో ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం ప్రయోగశాలలో పాఠాలు చెప్పి, రిటైరై, చనిపోయిన తండ్రి పెంకుటింట్లో ఒక్కరే దిగారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మను ఆపి అడిగారు.

"పిల్లను బడి మాన్పించావంట?"

"ఆయాసమండీ టీచరమ్మా. కల్లాల పక్కనేగా బడి."

"ఆయాసం బడితో గానీ చదువుతో కాదు గదా. మా ఇల్లు ఊరికి పడమటి చివర. అటు ఘాటు రాదు. రేపు పంపు."

పంపింది. ఆరేళ్ళు అదే నా బడి. చాప, రాతబల్ల, కిటికీకి తడిపి కట్టిన పాత పంచె, గోడవారగా ఆ బీరువా. అందులో ఆవిడ జీవితమంతా సేకరించిన ఎండుమొక్కలు, అట్టకొక మొక్క చొప్పున. నాకు అక్షరాలు ఆ చీటీల మీదే కుదిరాయి, లెక్కలు రేకుల మీద. ఒకసారి చామంతి పువ్వు చేతికిచ్చి ఎన్ని పూలున్నాయో చెప్పమన్నారు. ఒకటి అన్నాను. భూతద్దం పెట్టి మళ్ళీ చూడమన్నారు. నడిమి పసుపులో ఉన్న ప్రతి చుక్కా ఒక పువ్వేనట, చుట్టూ ఉన్న ప్రతి రేకూ ఒక పువ్వేనట. సాయంత్రం దాకా లెక్కపెట్టాను. చీకటి పడి కళ్ళు లాగాక, "ఒకటి అని ఎంత తొందరగా అన్నావో చూశావా?" అని నవ్వారు.

పాఠం ముందు ప్రార్థన ఉండేది, చిన్నది. "అన్నిటికీ స్తోత్రం అని దాటెయ్యకు. దేనికో చెప్పు," అనేవారు. రోజుకొక్కటి, పేరు పెట్టి చెప్పాలి. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు. మొదట్లో అన్నానికి, అమ్మకి, ఆవిడకి చెప్పేశాక ఏం మిగలక గింజుకునేదాన్ని. తరవాత్తరవాత పొద్దున నడిచొచ్చే దారంతా వెతుక్కుంటూ రావటం అలవాటైంది. తడిసిన పంచె వాసనకు, గేదె పక్కకు తప్పుకున్నందుకు, రాత్రి ఈల లేకుండా ఊపిరి ఆడినందుకు. నాకున్న భక్తి ఏదైనా ఉంటే అది అక్కడ మొదలైందే.

ఇక ఆ అట్ట. టీచరు గారి పాత విద్యార్థి ఒకాయన ఎక్కడో కొండల మీది తోటలో పనిచేసేవాడు. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, బీరువాలోంచి ఈ అట్ట తీశారు. పువ్వును ఊటీ వైపు వెళ్ళినప్పుడు చదువుకునే రోజుల్లో ఆవిడే కోసుకొచ్చారట. పురుగుల్ని పారదోలే పువ్వు. ఎండబెట్టి పొడిచేసి చల్లితే దోమా, ఈగా, నల్లీ పడిపోతాయి. చీటీ మీద దాని జాతి పేరు రాసుంది: పైరెత్రం.

"ఈ పేరు ఇప్పుడు చెల్లదట దీవెనా," అన్నారు. "శాస్త్రజ్ఞులు ఆ జాతినే ఎత్తేశారు. ఇందులో ఉన్న మొక్కల్ని టానాసీటం అనే వేరే జాతిలో కలిపేశారు. ఎప్పుడో కలిపారు, నాకే ఇప్పుడు తెలిసింది."

"అయితే ఈ పాత చీటీ చించేద్దామా టీచరు గారూ?"

నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చించకూడదు. ఎప్పుడూ చించకూడదు. దాని పైన కొత్తది అంటించాలి. కొత్త పేరు, సరిదిద్దినవాళ్ళ సంతకం, తేదీ. అంతే."

"తప్పు పేరు కదండీ?"

"తప్పే. కానీ నేను ఇన్నేళ్ళు నమ్మిన తప్పు, పిల్లలకు చెప్పిన తప్పు. అది కనపడాలి. పాత పుస్తకం పట్టుకుని ఆ పేరుతో వెతుక్కుంటూ వచ్చేవాడికి దారుండాలి. చించేస్తే నేను మొదట్నుంచీ సరిగ్గానే చెప్పానన్నట్టు ఉంటుంది. అది ఇంకో తప్పు."

ఆవిడ చెబుతుంటే కొత్త చీటీ నేనే రాశాను. తుమ్మజిగురు రాసి, పాత చీటీ అక్షరాలు కప్పుకుపోకుండా పైన అంటించాను. అప్పుడే మా చిన్నాన్న మంచినీళ్ళకని గుమ్మంలోకొచ్చాడు. ఆయన పత్తి చేలకు పురుగుమందు కొట్టే కూలి. వీపున పంపు, నోటికి కండువా, చెవి వెనక రెండు చీపురుపుల్లలు. పంపు గొట్టం చివర ఉండే నాజిల్‌కి నలక అడ్డంపడితే పొడిచి తీయడానికి ఆ పుల్లలు.

"ఏంది టీచరమ్మా, చచ్చిన పూలక్కూడా నామకరణాలు చేస్తన్నారా?"

"నామకరణం ఎప్పుడో అయిందయ్యా యోహానూ. ఇప్పుడు ఇంటిపేరు మారింది."

"ఈ వయసులో పెళ్ళేంది దానికి?"

టీచరు గారు అంత గట్టిగా నవ్వటం నేను అదే మొదటిసారి వినటం. ఆ తోటాయన ఉత్తరంతోపాటు చిటికెడు విత్తనాలు కూడా పంపాడు. కుండీలో వేశాం. ఆకులొచ్చాయి, బాగా గుబురుగా. పువ్వు మాత్రం రాలేదు. దానికి చలి కావాలి, మన దగ్గర పూయదు అని టీచరు గారు ముందే చెప్పారు. అయినా రోజూ నీళ్ళు పోయించారు. చిన్నాన్న వచ్చినప్పుడల్లా కుండీ వైపు చూసి, "మన ఎండకే తట్టుకోలేంది, మన పురుగునేం చంపుద్ది?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ తరవాతి ఏడు పత్తికి పచ్చపురుగు మీదపడింది. ఆ కాలంలో ఈ నేల మీద బతికినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఎంత మందు కొట్టినా చావని పురుగు. నాలుగు రోజులకోసారి కొట్టేవాళ్ళు రోజు విడిచి రోజు కొట్టించారు. ఒకదానితో పోవటంలేదని రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపించారు. ఊరంతా ఒకటే వాసన. చిన్నాన్నకు తీరికే లేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఒక కొత్త డబ్బా తెచ్చి టీచరు గారి చేతిలో పెట్టాడు. "ఇదేందో కాస్త చూడండి. షాపాయన మెత్తటి మందంటన్నాడు. నిజమేనా?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని డబ్బా మీది ఇంగ్లీషు చదివారు. ఆ ముఖం వెలిగిపోవటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "ఇది మన పైరెత్రం చుట్టమయ్యా! దీవెనా, ఆ అట్ట తీసుకురా." తెచ్చాను. పువ్వు చూపించి చెప్పారు. ఈ పువ్వులో ఉండే పదార్థాన్ని చూసి, అలాంటిదే కార్ఖానాలో తయారుచేశారని. పూర్వం ఈ పువ్వు పొడిని జనం ఇళ్ళల్లో, పక్కల్లో చల్లుకునేవాళ్ళని.

"మరి మనుషులకో?" అడిగాడు చిన్నాన్న.

"మనుషులకు ఏమంత చెయ్యదు."

"అయితే ఇది పూలమందన్నమాట!" చిన్నాన్న డబ్బాను ముద్దుగా తట్టి, పంపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ చెప్పినదాంట్లో ఏ మాటకా మాట చూస్తే అబద్ధం లేదు. అందుకే నేను దీని గురించి ఇన్నేళ్ళు ఆలోచిస్తూ వచ్చాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. పాఠం బాగుందనుకున్నాను. మర్నాడు చిన్నాన్న చెవి వెనక పుల్లలు లేవు. నోటికి కండువా లేదు. చూశాను, ఏమీ అనుకోలేదు.

పది రోజులు తిరక్కముందే ఆయన్ని చేను గట్టు మీంచి ట్రాక్టరులో వేసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి నురగ, కంటిపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు మనిషి మనలో లేడు. మూడోరోజు కళ్ళు తెరిచాడు. నాలుగోరోజు టీచరు గారు నన్ను తీసుకుని చూడ్డానికి వెళ్ళారు. మంచం పక్కన మా అమ్మ ఉంది. చిన్నాన్న టీచరు గారిని చూడగానే నవ్వబోయాడు.

"టీచరమ్మా, మీ పూలమందు నన్ను భలే పడుకోబెట్టిందే."

"ఏం చేశావయ్యా?"

"నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదా. అంతే."

"పుల్లేమైంది?"

"పూలమందుకు పుల్లెందుకులే అని..."

టీచరు గారు స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు ఆయన చేతివేళ్ళ వైపే చూశారు. అవి దుప్పటి మీద వాటంతటవే వణుకుతున్నాయి. ఆ వణుకు ఆయన్ని తరవాత కూడా వదల్లేదు, కాళ్ళ నీరసమూ వదల్లేదు. ఆ రోజు పంపులో పూలమందుతోపాటు ఇంకో మందు కూడా కలిపి ఉందనీ, అది నరాల్ని పట్టేదనీ డాక్టరు చెప్పాడు. మా అమ్మ ఆ మాటే పట్టుకుని, "మీరేం చేశారండీ, వాడి తిక్క గానీ," అంది.

"వాడు డబ్బా గురించి అడిగాడు సువార్తమ్మా. నేను పువ్వు గురించి చెప్పాను," అన్నారు టీచరు గారు. తరవాత చిన్నాన్న వైపు తిరిగారు. "ఇది పూలమందనీ, ఏమీ చెయ్యదనీ ఎవరెవరికి చెప్పావు?"

"ఏందిది, పోలీసోళ్ళ లెక్క?"

"చెప్పు యోహానూ."

ఆయన వణికే వేళ్ళ మీదే ఒక్కొక్కరినీ గుర్తుచేసుకున్నాడు. తనతో మందుకొట్టేవాళ్ళు ఆరుగురు. ఏడోవాడు వాగవతలి ఊరి కోటయ్య, సంతలో కలిసినవాడు. టీచరు గారు ఆ పేర్లన్నీ నాచేత కాగితం మీద రాయించారు.

మర్నాటి నుంచి ఆవిడ ఆ పేర్ల వెంట నడిచారు. నన్నూ తీసుకెళ్ళారు, కానీ చేలోకి దిగనివ్వలేదు, బాట మీదే ఉంచేవారు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, గట్టు వెంట వెళ్ళి, మందు కొడుతున్న మనిషిని ఆపి చెప్పేవారు. గాలికి వాళ్ళ మాటలు నాకు వినపడేవి.

"ఏందండీ టీచరమ్మా, మొన్న మంచిదన్నారంట, ఇవాళ చెడ్డదంటారు! ఏదొకటి తేల్చుకుని రండి!"

"మొన్న తప్పు చెప్పాను. ఇవాళ సరిదిద్దటానికొచ్చా. ముందు ముఖానికి గుడ్డ కట్టుకో."

"ఇంత చదువుకుని మీరూ తప్పు చెప్తారా?"

"చెప్పాను గదయ్యా. కట్టుకో."

ఒకాయన నవ్వాడు. ఒకాయన విసుక్కున్నాడు. రైతు ఒకడు పని చెడుతుందని గట్టిగానే అరిచాడు. ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పి, వాళ్ళు ముఖానికి గుడ్డ కట్టుకునేదాకా అక్కడే నిలబడి, తరవాత పేరెదురుగా గీత పెట్టమనేవారు. రెండు రోజుల్లో ఆరు గీతలయ్యాయి.

మూడోరోజు వాగు దాటి కోటయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. గడప ముందు చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. లోపల నిశ్శబ్దంగా ఉంది. ఒక ముసలాయన చెప్పాడు, కోటయ్య పోయి నాలుగు రోజులైందని. అంటే మేం చిన్నాన్న మంచం పక్కన పేర్లు రాసుకుంటున్నప్పటికే ఆయన లేడు.

టీచరు గారు వెనక్కి తిరిగి ఉండొచ్చు. మమ్మల్ని ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఆ మాట వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేవాళ్ళూ లేరు. ఆవిడ ఒక్క క్షణం ఆగటం నాకు తెలిసింది, ఎందుకంటే నా చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. తరవాత చెప్పులు విడిచి లోపలికి నడిచారు.

కోటయ్య భార్య రమణమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాది పాప. టీచరు గారు వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. పరామర్శకొచ్చినవాళ్ళ లాగే రమణమ్మ చెప్పుకుపోయింది.

"మందు కొట్టొచ్చిన రోజు ఆయన పిల్లను ముట్టేవాడు కాదమ్మా. వాగులో మునిగొచ్చాకే ఇంట్లోకొచ్చేవాడు. పాప ఏడ్చినా సరే. ఆ రోజు మాత్రం వస్తానే ఎత్తుకున్నాడు. మునిగి రావయ్యా అంటే, ఇది పూలమందే, ఏం కాదు అన్నాడు. అన్నానికి కూర్చుని పడిపోయాడు."

"పాప?" అన్నారు టీచరు గారు.

"బాగానే ఉంది."

"రమణమ్మా, పూలమందనీ, మనుషులకు ఏమీ చెయ్యదనీ చెప్పింది నేను. తెలిసీ తెలియకుండా చెప్పాను. తప్పు చెప్పాను. ఇవాళ ఆయనకు చెబుదామనే వచ్చాను, ఆలస్యంగా వచ్చాను."

రమణమ్మ ఆవిణ్ణి, పక్కన నిలబడ్డ నన్ను, మళ్ళీ ఆవిణ్ణి చూసింది. "మీరొక్కరేనా?" అని అడిగింది.

నాకు నిజం చెప్పటమే తెలుసు. చిన్నాన్న పేరు నాలుక చివరి దాకా వచ్చింది. టీచరు గారు నా చెయ్యి గట్టిగా నొక్కారు. "నేనే," అన్నారు.

రమణమ్మ తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. పాప తల మీది జుట్టు సవరించి, "వెళ్ళండమ్మా," అంది. వచ్చేటప్పుడు వాగు దగ్గర టీచరు గారు ఆగి ముఖం కడుక్కున్నారు, కడుక్కున్నారు, ఇక రారేమో అన్నంతసేపు కడుక్కున్నారు. ఏడో పేరు ఎదురుగా గీత పెట్టమనలేదు.

ఆ తరవాత మా చదువు కొంత మారింది. పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన పలక ఆకారంలో ఒక గుర్తుంటుంది, దాని కింది సగంలో ఒక రంగు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరం రానివాళ్ళకు కూడా రంగు తెలుస్తుంది. అట్టముక్కల మీద ఆ గుర్తులు నేను గీస్తే, టీచరు గారు ప్రతి మందు కూలీ ఇంటికీ తీసుకెళ్ళి గుమ్మం లోపల తగిలించి వచ్చారు. రెండు డబ్బాలు కలిపితే ఏ రంగూ నమ్మొద్దని నోటితో చెప్పేవారు. పంపు మోయలేని చిన్నాన్నను మా చాప మీద నా పక్కనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. "ముసలి ఎద్దుకు ముక్కుతాడేస్తన్నారు టీచరమ్మా," అని ఆయన గొణిగేవాడు. పలక మీద ఆయన అక్షరాలు వణికేవి, చెరిపేసి మళ్ళీ రాసేవాడు. కోటయ్య పోయిన సంగతి ఆయనకు తెలుసు. ఆ పేరు మా మధ్య ఎప్పుడూ వచ్చేది కాదు. కానీ ఆ రోజు నుంచి ప్రార్థనలో టీచరు గారు చెప్పే కృతజ్ఞత అయ్యాక ఇంకో మాట చేరింది. ప్రతిరోజూ ఒకటే. "కోటయ్యను జ్ఞాపకం చేసుకో ప్రభువా." రోజుకొకటి కొత్తది చెప్పాలన్న నియమం ఆ మాటకు లేదు.

ఆవిడ చూపు మందగించాక బీరువాతో సహా చీరాలలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. నేను ప్రైవేటుగా పరీక్షలు రాసి, మిరప ఘాటు తగలని చోటు వెతుక్కుని ఇటు వచ్చాను. చిన్నాన్న మాత్రం నెలకోసారి ఆవిణ్ణి చూసి వచ్చేవాడు. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ మూడో చీటీ. చూపు సరిగ్గా ఆనని మనిషి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు, వరస తప్పి కిందికి జారినవి. ఇదీ అందులో ఉన్నది: "ఈ పువ్వు మనుషులకు ఏమంత చెయ్యదని చెప్పాను. పువ్వు గురించి చెప్పిన మాట డబ్బాకు చెల్లదు. ఆ మాట నమ్మి కోటయ్య చనిపోయాడు. సరిదిద్దినది, శాంతమ్మ." కింద తేదీ.

నేను చదవటం అయ్యాక చిన్నాన్న అట్టను తన వైపు తిప్పుకున్నాడు. వేలు ఒక్కో అక్షరం మీద పెట్టి, పెదవులు కదుపుతూ, తనంతట తను చదువుకున్నాడు. రెండోసారి చదివాడు. మూడోసారి దేనికో వెతికాడు.

"నా పేరు రాయలేదే," అన్నాడు.

అట్టను నా ముందుకు జరిపాడు.

"కోటయ్యకు చెప్పింది నేను గదే. ఆమె ఆయన ముఖం కూడా చూళ్ళా. నాకు తెలుసు, ఆ రోజు నా పేరు చెప్పలేదని. ఎన్నిసార్లు అడిగానో, వెళ్ళి చెప్పొస్తానమ్మా అని. నీ ఒళ్ళు కుదుటపడనీ అనేది. పడలా. నాకూ ధైర్యం చాల్లా." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "చీటీ ఒకటి కొయ్యి."

"ఈ చీటీ మార్చమంటావా చిన్నాన్నా?"

"మార్చటమేంది? చించకూడదని మీ టీచరమ్మ చెప్పలా? పైన అంటించు."

కాగితం కోసి ఇచ్చాను. రాయడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు మాట వినలేదు. ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని రాశాడు: "కోటయ్యకు చెప్పింది యోహాను." తేదీ వేసి, సంతకం చేశాడు. జిగురు నేను రాశాను.

మర్నాడు ఇద్దరం కలిసి కోటయ్య ఊరికి వెళ్ళాం. రమణమ్మ జుట్టు సగం నెరిసింది. అప్పుడు ఒళ్ళో ఉన్న పాప ఇప్పుడు బడి బట్టల్లో ఉంది. చిన్నాన్న నిలబడే చెప్పాడు, తను యోహాననీ, సంతలో ఆ మాట కోటయ్యకు చెప్పింది తనేననీ. రమణమ్మ పీట వేసింది.

"తెలుసు," అంది. "సంత నుంచి వచ్చిన రోజే ఆయన చెప్పాడు, యోహాను చెప్పాడని. ఆ టీచరమ్మ తన మీదేసుకుంది. ఒక్కరేనా అని అందుకే అడిగా. చెప్పలేదు. సరే, నేనూ అడగలా. నువ్వెప్పుడొస్తావా అని చూస్తన్నా."

చిన్నాన్న ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, కసరలేదు, మజ్జిగ తెచ్చిచ్చింది. టీచరు గారు పోయారని చెబితే, "రోజూ ఆయన పేరు తలుచుకునేదంటగా, ఎవరో చెప్పారు," అంది. "ఇప్పుడింక ఎవరు తలుచుకుంటారు?"

నేను తలుచుకుంటాను అన్నాను. నా దగ్గర ట్యూషను చదివే పిల్లలు కూడా తలుచుకుంటారు. వాళ్ళ పలకల మీద తప్పులుంటాయి. చెరపవద్దని చెబుతాను, పక్కన సరైనది రాయమంటాను. నేను చెప్పిన పాఠంలో తప్పు దొర్లితే మర్నాడు ముందు అదే చెబుతాను, ఎవరెవరు విన్నారో అడిగి, రానివాళ్ళ ఇంటికి కబురు పెడతాను. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వుకు కూడా ఒకరోజు స్తోత్రం చెప్పాను.

ఇదంతా టీచరు గారి గురించి రాద్దామని మొదలుపెట్టాను. కానీ ఆవిణ్ణి గుర్తుపెట్టుకోండని అడిగితే ఆవిడ ఒప్పుకోరు, నా చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఆవిడ అడిగేదేమిటో నాకు తెలుసు. అందుకని అదే అడుగుతున్నాను. మీరు ప్రార్థన చేసేవాళ్ళయితే ప్రార్థనలో, కాకపోతే ఏదైనా మందు డబ్బా మూత తీసేటప్పుడో, తెలిసిన మాటను ఇంకొకరికి చెప్పబోయేటప్పుడో, పాపను ఎత్తుకునే ముందు వాగులో మునిగి వచ్చే అలవాటున్న ఒక మనిషిని తలుచుకోండి. ఆయన పేరు కోటయ్య.